ఆడియో వెనకబడటం, ‘మూవ్ ఆటమ్’ ఎర్రర్, విడిపోయే ఒత్తులు: ఫోన్ వీడియో కన్వర్ట్ చేసేటప్పుడు ఏది ఎక్కడ చూడాలి

మీరు ఒక్క ప్రశ్న అడిగాననుకున్నారు గానీ విప్పి చూస్తే అరడజను ఉన్నాయి. మిగతా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెబుతాను. గంటసేపు సాగిన ఒక ప్రసంగాన్ని ఫోన్‌లో రికార్డు చేశారు. దాన్ని వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాంలో కన్వర్ట్ చేసి, ఎడిటర్‌లో పెట్టి, ఎక్స్‌పోర్ట్ చేశారు. మొదట్లో బాగానే ఉన్న ఆడియో చివరికొచ్చేసరికి దాదాపు నాలుగు సెకన్లు వెనకబడింది. క్వాలిటీ పోకూడదని అందులో నాణ్యతను నిర్ణయించే ఆర్ఎఫ్ విలువ 16 పెడితే ఫైల్ రెట్టింపైంది. చిన్న కాపీ తీద్దామని కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడితే ‘హైట్ నాట్ డివిజిబుల్ బై 2’ అని ఆగిపోయింది. తర్వాత ప్రశ్నలు, జవాబుల భాగం రికార్డవుతుండగా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఆ రెండో ఫైల్ ‘మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్’ అంటూ ఎక్కడా తెరుచుకోవడం లేదు. తెలుగు సబ్‌టైటిల్స్‌ను వీడియో మీద ముద్రిస్తే ఒత్తులు విడిపోయాయి. పోనీ ఆడియో ఒక్కటే వాడుకుందామంటే ఆడియో ఎడిటర్ ఆడాసిటీ ఆ ఫైల్‌ను తీసుకోలేదు. నాలుగు రోజులుగా సెట్టింగులు మార్చి మార్చి విసిగిపోయానన్నారు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఆ రెండో ఫైల్ ఉన్న ఫోన్‌లో కొత్తగా ఏమీ రికార్డు చేయకండి. ఫైల్‌ను ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ఎందుకో దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

ఇంకో మాట కూడా. కమాండ్లను ఇక్కడ పలికేటట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ‘మైనస్’ అన్నచోట చిన్న గీత, దాని వెంటనే ఖాళీ లేకుండా ఆప్షన్ పేరు.

మీరు చేసిన తప్పు సెట్టింగుల్లో లేదు. ఫైల్ లోపల ఏముందో చూడకుండానే కన్వర్ట్ చేయడం మొదలుపెట్టారు, అక్కడుంది. నేనూ మొదటి రెండు మూడేళ్లు అదే చేశాను, కాబట్టి తప్పు పట్టడం లేదు.

వీడియో ఫైల్ అంటే ఒక డబ్బా అనుకోండి. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, వెబ్‌ఎం, ఇవన్నీ డబ్బాల పేర్లు. లోపల వీడియో ఒక స్ట్రీమ్, ఆడియో ఒక స్ట్రీమ్, సబ్‌టైటిల్స్ ఉంటే అదొకటి. ఒక్కో స్ట్రీమ్‌ను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్: హెచ్.264, హెచ్‌ఈవీసీ, ఏఏసీ, ఓపస్ లాంటివి. వీటన్నిటికీ తోడు, ప్రతి ఫ్రేమ్ ఏ క్షణంలో కనబడాలో, ప్రతి ఆడియో ముక్క ఏ క్షణంలో వినబడాలో చెప్పే టైమ్‌స్టాంపులు ఉంటాయి. మీ ఆరు సమస్యల్లో ఒకటి డబ్బాది, ఒకటి టైమ్‌స్టాంపులది, రెండు కోడెక్‌వి. మిగతా రెండూ ఫాంటుదీ, లైబ్రరీదీ. అన్నిటికీ ఒకే మందు వేస్తే ఎలా తగ్గుతుంది?

లోపల ఏముందో చూడటానికి తేలికైనది మీడియాఇన్ఫో. ఫైల్‌ను దాని మీదికి లాగి వదిలితే చాలు, అన్నీ చెబుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉన్నవాళ్లకు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ దానితో పాటే వస్తుంది. ఇక్కడో చిన్న విషయం తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ, ఓబీఎస్, ఇంకా చాలా ఓపెన్ సోర్స్ ఎడిటర్లు లోపల వాడేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలనే. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. అందుకే పైన బటన్లు ఎన్ని రకాలుగా ఉన్నా, లాగ్ తెరిస్తే కనిపించే ఎర్రర్లు అవే. హ్యాండ్‌బ్రేక్‌లో యాక్టివిటీ లాగ్ అని ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ‘మైనస్ రిపోర్ట్’ తగిలిస్తే మొత్తం లాగ్ ఒక ఫైల్‌గా రాసిపెడుతుంది.

లాగ్‌ను చాలామంది కింద నుంచి చదువుతారు. చివరి లైనులో ‘కన్వర్షన్ ఫెయిల్డ్’ అని ఉంటుంది, అది చూసి దిగాలుపడతారు. ఆ లైను ఏమీ చెప్పదు. పైకి వెళ్తూ మొట్టమొదటి ఎర్రర్ ఎక్కడ వచ్చిందో పట్టుకోవాలి. మిగతావన్నీ దాని వెనకాల వరసగా పడిన పేకముక్కలు. ‘డిప్రికేటెడ్ పిక్సెల్ ఫార్మాట్’ లాంటి పసుపు రంగు హెచ్చరికలు చూసి కంగారుపడక్కర్లేదు. వాటితో ఫైల్‌కు ఏమీ కాదు.

ఇప్పుడు ఆడియో వెనకబడటం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అందరూ తప్పుదారి పట్టేది ఇక్కడే.

మొదట తేల్చుకోవాల్సింది: తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా? వీఎల్‌సీలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ తెరిచి రెండో నిమిషంలో ఒకసారి, ముప్పయ్యో నిమిషంలో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. ‘జె’, ‘కె’ కీలు నొక్కితే ఆడియో ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకూ వెనక్కీ జరుగుతుంది. పెదాలతో కలవడానికి ఒక్కోచోట ఎన్ని నొక్కులు పట్టాయో కాగితం మీద రాసుకోండి. మూడు చోట్లా ఒకే అంకె వస్తే అది ఊరికే జరిగిపోయిన ఆడియో. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో అదే ఫైల్‌ను రెండుసార్లు ఇన్‌పుట్‌గా ఇచ్చి, రెండోదానికి ముందు ‘మైనస్ ఐటీఎస్ఆఫ్‌సెట్’ పెట్టి, వీడియోను మొదటి దాన్నుంచీ ఆడియోను రెండో దాన్నుంచీ మ్యాప్ చేసుకుంటే సరిపోతుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు.

మీది అలాంటిది కాదు, పెరుగుతూ పోయింది. మీరు చెప్పిన నాలుగు సెకన్ల లెక్క చూడగానే నాకు ఒక అనుమానం వచ్చింది. సెకనుకు 29.97 ఫ్రేములున్న వీడియోను ఎవరైనా 30 అనుకుని నడిపితే, వెయ్యికి ఒక వంతు వేగంగా నడుస్తుంది. గంటంటే 3600 సెకన్లు. వెయ్యోవంతు అంటే 3.6 సెకన్లు. బొమ్మ అంత ముందుకు పోతుంది, మాట అంత వెనకబడుతుంది. మీకు కనిపించింది సరిగ్గా ఇదే దిక్కు, ఇంచుమించు ఇదే అంకె.

ఫోన్లు ఫ్రేములను గడియారం కొట్టినట్టు సమానమైన వ్యవధిలో తీయవు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా వేగం కాస్త తగ్గించుకుంటాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్‌రేట్ అంటారు. ప్రతి ఫ్రేముకూ టైమ్‌స్టాంప్ ఉంటుంది కాబట్టి ప్లేయర్ సరిగానే చూపిస్తుంది. అందుకే అసలు ఫైల్‌ను వీఎల్‌సీలో చూస్తే మీకు తేడా కనబడలేదు. కొన్ని ఎడిటర్లు మాత్రం ఆ టైమ్‌స్టాంపులను పక్కనపెట్టి ఫ్రేములను లెక్కపెట్టుకుంటూ పోతాయి. తగాదా అక్కడ మొదలవుతుంది.

నిర్ధారించుకోవాలంటే మీడియాఇన్ఫోలో వీడియో విభాగం చూడండి. ఫ్రేమ్‌రేట్ మోడ్ దగ్గర ‘వేరియబుల్’ అనీ, కనిష్ఠం, గరిష్ఠం అంటూ రెండు వేరు వేరు అంకెలూ ఉంటే అదే. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అయితే వీడియో లైనులో ‘ఎఫ్‌పీఎస్’, ‘టీబీఆర్’ అని పక్కపక్కనే రెండు విలువలు చూపిస్తుంది. మొదటిది సగటు, రెండోది అది ఊహించిన మూల వేగం. రెండూ కలవకపోతే అనుమానించాలి.

మీరు హ్యాండ్‌బ్రేక్ వాడారు కదా, అదెందుకు సరిచేయలేదని అడగొచ్చు. దానికి సరిచేయమని మీరు చెప్పలేదు. మామూలుగా వాడే ప్రీసెట్లలో ఫ్రేమ్‌రేట్ దగ్గర ‘పీక్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని ఉంటుంది. అంటే 30ని మించనివ్వను, అంతకంటే తక్కువుంటే అలాగే వదిలేస్తాను అని అర్థం. చూడటానికి అది మంచిదే, ఎడిట్ చేయడానికి పనికిరాదు. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్‌ను 30 అని స్పష్టంగా ఇచ్చి, కింద ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకోండి. ‘సేమ్ యాజ్ సోర్స్’ వదిలేయకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో అయితే అవుట్‌పుట్ వైపు ‘మైనస్ ఎఫ్‌పీఎస్ అండర్‌స్కోర్ మోడ్ సీఎఫ్ఆర్’, దాంతోపాటు ‘మైనస్ ఆర్ 30’. పాత వెర్షన్లలో మొదటి ఆప్షన్ పేరు ‘వీసింక్’ అని ఉండేది. పాత చిట్కాల్లో అదే కనిపిస్తుంది.

ఈ పని అసలు ఫైల్ మీద చేయాలి, ఇప్పటికే ఎడిట్ చేసి పాడైన దాని మీద కాదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ లాంటివైతే వేరియబుల్ ఫైల్ వేయగానే, ఎడిటింగ్‌కు వీలుగా మార్చుకుంటారా అని అవే అడుగుతాయి. ఆ ప్రశ్నకు చిరాకుపడి ‘వద్దు’ నొక్కేస్తాం. నొక్కకండి.

మళ్లీ ఎడిట్ చేసే ఓపిక లేదంటే ఇంకో దారి ఉంది, అంత అందమైనది కాదు. పాడైన ఫైల్‌లో ఆడియోకు ‘ఎటెంపో’ ఫిల్టర్ వేసి 1.001 ఇవ్వండి. స్వరం స్థాయి మారకుండా ఆడియో వెయ్యోవంతు వేగం పెరుగుతుంది. తేడా గంట పొడవునా సమానంగా పెరిగి ఉంటేనే ఇది పనిచేస్తుంది. మీరు కాగితం మీద రాసుకున్న మూడు అంకెలు అక్కడ పనికొస్తాయి: సగం దారిలో సగం తేడా ఉందా లేదా?

పెరిగే తేడాకు ఇంకో కారణం కూడా ఉంటుంది, మీది కాకపోయినా చెప్పడం మంచిది. బయట రికార్డర్‌తో విడిగా తీసిన ఆడియో అయితే రెండు పరికరాల్లో గడియారాలు అచ్చం ఒకేలా నడవవు. అలాగే 44,100 హెర్ట్జ్ ఆడియోను 48,000 అనుకుని నడిపిస్తే గొంతు సన్నబడి దాదాపు తొమ్మిది శాతం వేగంగా పోతుంది. అదైతే చెవికే తెలిసిపోతుంది, మీడియాఇన్ఫో అక్కర్లేదు.

ఇక ఫైల్ రెట్టింపవడం. ఇది తప్పు కాదు, మీరు అడిగినదే అది ఇచ్చింది. ఆర్ఎఫ్ అంటే ‘ఇంత నాణ్యత కావాలి, సైజు ఎంతైనా సరే’ అని చెప్పడం. అంకె తగ్గేకొద్దీ ఫైల్ పెరుగుతుంది. హెచ్.264ను తయారుచేసే ఎక్స్264కు సొంత డీఫాల్ట్ 23, హెచ్‌ఈవీసీని తయారుచేసే ఎక్స్265కు 28. మోటు లెక్కగా చెప్పాలంటే అంకె ఆరు తగ్గితే సైజు ఇంచుమించు రెట్టింపవుతుంది. మీరు 22 నుంచి 16కు వచ్చారు. పైగా మీ ఫోన్ బహుశా హెచ్‌ఈవీసీలో రికార్డు చేసి ఉంటుంది, మీరు దాన్ని హెచ్.264కు మార్చారు. హెచ్.264 అదే నాణ్యతకు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అంతా కలిపి, ఫోన్ చేసిన చిన్న చిన్న మచ్చల్ని కూడా శ్రద్ధగా భద్రపరచడానికి మీరు చోటు ఖర్చుపెట్టారన్నమాట. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే నాణ్యత పెరగడం అనేది లేదు. 128 కిలోబిట్ల ఎంపీ3ని 320కి మారిస్తే పాట బాగుపడనట్టే.

నిలబడి మాట్లాడే మనిషి వీడియోకు 22 చాలు, 24 పెట్టినా కళ్లకు తెలియదు. ముందు రెండు నిమిషాల ముక్క మీద ప్రయత్నించి చూసుకోండి. గంట ఫైల్ మీద ప్రయోగాలు చేస్తే నాలుగు రోజులు కాక ఏమవుతుంది! గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేసే ఎన్‌వెంక్ లాంటివి చాలా వేగంగా పనిచేస్తాయి, కాకపోతే అదే నాణ్యతకు ఫైల్ కాస్త పెద్దదవుతుంది. దాచుకోవాల్సిన ఫైల్ అయితే నేను ప్రాసెసర్‌కే వదిలి నిద్రపోతాను.

ఫలానా సైజు దాటకూడదు అన్నప్పుడు మాత్రం ఆర్ఎఫ్ వదిలేసి బిట్‌రేట్ లెక్క కట్టాలి. పది నిమిషాల వీడియో 100 మెగాబైట్లలో పట్టాలనుకుందాం. 100ని 8తో గుణిస్తే 800 మెగాబిట్లు. 600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 1.33 మెగాబిట్లు, అంటే 1330 కిలోబిట్లు. ఆడియోకు 128 తీసేసి, డబ్బా బరువుకు కొంచెం వదిలితే వీడియోకు 1150 దగ్గర ఇచ్చి, వీడియోను రెండుసార్లు చదివి కుదించే టూ పాస్ పెట్టండి.

‘హైట్ నాట్ డివిజిబుల్ బై 2’ రెండు నిమిషాల పని. మీరు వెడల్పు 720, ఎత్తు మైనస్ 1 అని ఇచ్చి ఉంటారు. 1920, 1080 నిష్పత్తిలో 720కి ఎత్తు 405 వస్తుంది. అది బేసి సంఖ్య. మామూలు వీడియోలో రంగుల సమాచారాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తారు. బేసి సంఖ్యను సగం చేయలేక ఎక్స్264 చేతులెత్తేస్తుంది. మైనస్ 1 బదులు మైనస్ 2 రాయండి. దగ్గర్లోని సరిసంఖ్యను అదే చూసుకుంటుంది.

అదే దారిలో, కంప్యూటర్‌లో ఆడిన వీడియో టీవీలోనో బ్రౌజర్‌లోనో ఆడకపోతే ‘మైనస్ పిక్స్ అండర్‌స్కోర్ ఎఫ్ఎంటీ వైయూవీ420పి’ పెట్టి చూడండి. 10 బిట్‌దో, రంగులను సగం చేయకుండా దాచే 4:4:4దో అయిన హెచ్.264ను చాలా పరికరాలు తీసుకోవు. హెచ్‌ఈవీసీ ఎంపీ4 అన్నిచోట్లా ఆడుతూ యాపిల్ పరికరాల్లో మాత్రం మొండికేస్తే, ‘మైనస్ ట్యాగ్ కోలన్ వి హెచ్‌విసి1’ అని చేర్చి స్ట్రీమ్‌లను కాపీ చేయండి. డబ్బా మీద చీటీ మార్చడమే, లోపల సరుకు ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ రెండో ఫైల్. దీని గురించి నాకు నిజంగానే కాస్త దిగులుగా ఉంది.

ఎంపీ4 ఫైల్‌ను ఒక పుస్తకంలా ఊహించుకోండి. పేజీలన్నీ ముందు రాసేసి, విషయసూచిక చివర్లో అతికిస్తారు. ఆ సూచిక పేరే మూవ్ ఆటమ్. ఏ ఫ్రేము ఏ బైటు దగ్గర మొదలవుతుంది, ఎంత పొడవు, ఏ కోడెక్, అన్నీ అందులోనే ఉంటాయి. రికార్డింగ్ ఆపు బటన్ నొక్కినప్పుడే ఫోన్ దాన్ని రాస్తుంది. మీ ఫోన్ అంతకు ముందే ఆరిపోయింది. పేజీలున్నాయి, సూచిక లేదు. అందుకే ఏ ప్లేయరూ తెరవలేకపోతోంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ఎన్ని ఆప్షన్లు ఇచ్చినా అది సూచికను ఊహించి రాయదు. పేరు మార్చి ఎంకేవీ అని పెట్టడం కూడా వృథా; ఎక్స్‌టెన్షన్ మారిస్తే డబ్బా మారదు.

ముందు సైజు చూడండి. సున్నా బైట్లు ఉంటే ఆ ఫైల్‌లో ఏమీ లేదు. రికార్డింగ్ మెమరీ కార్డు మీదికి వెళ్లి ఉంటే ఫోటోరెక్ అనే ఓపెన్ సోర్స్ సాధనంతో కార్డును వెతకొచ్చు. కొత్తగా రికార్డు చేయొద్దన్నది ఇందుకే. కొత్త ఫైల్ ఆ చోటు మీదే కూర్చుంటే ఇక ఎవరూ తేలేరు. సైజు వందల మెగాబైట్లలో ఉంటే మాత్రం ఆశ ఉంది. అన్‌ట్రంక్ అని ఇంకో ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. దానికి రెండు ఫైళ్లు ఇవ్వాలి: ఒకటి పాడైనది, రెండోది అదే ఫోన్‌లో అవే సెట్టింగులతో తీసిన మంచి ఫైల్. మంచిదాన్ని చూసి నమూనా నేర్చుకుని, పాడైనదానికి సూచిక తిరిగి రాసే ప్రయత్నం చేస్తుంది. మీ అదృష్టం కొద్దీ మీ దగ్గర మొదటి గంట ఫైల్ ఉంది, అది అచ్చంగా సరిపోయే నమూనా. హ్యాండ్‌బ్రేక్ నుంచి బయటికొచ్చినది ఇవ్వకండి, ఫోన్ నుంచి నేరుగా వచ్చినదే ఇవ్వాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేసి, సాధనం పనిచేయలేదంటారు.

ఫలితం నూటికి నూరుపాళ్లు రాకపోవచ్చు. వీడియో వచ్చి ఆడియో అక్కడక్కడా తెగొచ్చు. వచ్చినదాన్ని ‘మైనస్ సి కాపీ’తో ఒకసారి కొత్త డబ్బాలోకి మార్చి, తర్వాత మొదటి ఫైల్‌కు చేసినట్టే ఫ్రేమ్‌రేట్ స్థిరపరచండి.

ఇదే ఎర్రర్ ఇంకోలా కూడా వస్తుంది. కాపీ అవుతుండగా కేబుల్ ఊడినా, డౌన్‌లోడ్ మధ్యలో ఆగినా చివర ఉన్న సూచిక చేరదు. అప్పుడు మందు ఏమీ అక్కర్లేదు, మళ్లీ కాపీ చేసుకుంటే చాలు. అసలు ఫోన్‌లో ఆ ఫైల్ ఆడుతోందా అని చూడకుండా రిపేరు మొదలుపెట్టి ఒక పూటంతా పోగొట్టుకున్నవాణ్ని నేనే. కంప్యూటర్ స్క్రీన్ రికార్డు చేసేవాళ్లు ఓబీఎస్‌లో ఎంకేవీ పెట్టుకోవడం మంచిది. కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది మిగులుతుంది, తర్వాత అందులోనే ఉన్న ‘రీమక్స్’తో ఎంపీ4 చేసుకోవచ్చు.

తెలుగు సబ్‌టైటిల్స్ దగ్గర మూడు రకాల జబ్బులుంటాయి, లక్షణం చూసి గుర్తుపట్టొచ్చు. అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు కనిపిస్తే ఫాంటులో తెలుగు లేదు. ప్రశ్నార్థకాలో, అర్థంలేని లాటిన్ గుర్తులో వస్తే ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ కాలేదు; నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎన్‌కోడింగ్ మార్చి మళ్లీ సేవ్ చేయాలి. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత టెక్స్ట్ అయితే అదీ సరిపోదు. అది యూనికోడే కాదు, ముందు యూనికోడ్‌కు మార్చాలి. మూడోది మీది. అక్షరాలున్నాయి గానీ ‘స్త్రీ’ అన్నది ‘స్‌ త్‌ రీ’ అని విడిపోయింది. అక్షరాలను కూర్చే పని, అంటే షేపింగ్, జరగలేదన్నమాట.

మీరు ‘డ్రాటెక్స్ట్’ ఫిల్టర్ వాడి ఉంటే పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో అంతే. 6.1 వెర్షన్ నుంచి అది హార్ఫ్‌బజ్ లైబ్రరీతో అక్షరాలను కూరుస్తుంది. సబ్‌టైటిల్స్ ముద్రించడానికి అసలు వాడాల్సింది ‘సబ్‌టైటిల్స్’ ఫిల్టర్. దాని వెనక లిబాస్ అనే లైబ్రరీ ఉంటుంది, తెలుగు ఒత్తులు దానికి బాగానే వచ్చు. ఫాంటు మాత్రం మీరే చెప్పండి: ‘ఫోర్స్ అండర్‌స్కోర్ స్టైల్’లో ఫాంట్‌నేమ్ నోటో సాన్స్ తెలుగు అని ఇవ్వండి. విండోస్‌లో ఈ ఫిల్టర్‌కు పూర్తి అడ్రస్ ఇస్తే డ్రైవ్ అక్షరం పక్కనున్న కోలన్‌ను ఆప్షన్ల మధ్య గుర్తనుకుని గందరగోళపడుతుంది. దాన్ని తప్పించడానికి రకరకాల బ్యాక్‌స్లాష్‌లు పెట్టి చూస్తుంటారు. నేనైతే ఆ ఫోల్డర్‌లోకే వెళ్లి, ఫైల్‌కు ఖాళీల్లేని చిన్న ఇంగ్లిష్ పేరు పెట్టి, పేరొక్కటే ఇస్తాను.

అసలు ముద్రించడం అవసరమా అని కూడా ఆలోచించండి. ముద్రిస్తే వీడియో మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ కావాలి, ఒక అక్షరం తప్పైనా మళ్లీ మొదటి నుంచి. విడి స్ట్రీమ్‌గా డబ్బాలో పెడితే చూసేవాళ్లు ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. ఎంకేవీ మామూలు ఎస్ఆర్‌టీని అలాగే తీసుకుంటుంది. ఎంపీ4 తీసుకోదు. ‘మైనస్ సి కోలన్ ఎస్ మూవ్ అండర్‌స్కోర్ టెక్స్ట్’ అని చెబితే తనకు నచ్చిన రూపంలోకి మార్చుకుంటుంది. ఎంకేవీని ఎంపీ4 చేసేటప్పుడు ‘కుడ్ నాట్ ఫైండ్ ట్యాగ్ ఫర్ కోడెక్ సబ్‌రిప్’ అని వచ్చేది కూడా ఈ కారణంగానే.

చివరిగా ఆడియో. ఆడాసిటీ తనంతట తానుగా వేవ్, ఎంపీ3, ఫ్లాక్ తెరుస్తుంది. ఫోన్ వీడియోలోని ఏఏసీ ఆడియో తెరవాలంటే దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ విడిగా ఇన్‌స్టాల్ చేసి, ప్రిఫరెన్సెస్‌లో లైబ్రరీస్ దగ్గర దారి చూపించాలి. కమాండ్ లైన్‌లో వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒకే ఎగ్జిక్యూటబుల్‌గా ఉంటే అది దీనికి పనికిరాదు, విడి లైబ్రరీ ఫైళ్లు కావాలి. ఇంత తతంగం ఎందుకనుకుంటే ‘మైనస్ వీఎన్’ పెట్టి ఆడియోను వేవ్ ఫైల్‌గా తీసుకుని ఆడాసిటీలో తెరవండి. ఎడిట్ చేయక్కర్లేదు, ఆడియో ఉన్నదున్నట్టు కావాలంటే ‘మైనస్ వీఎన్ మైనస్ సి కోలన్ ఎ కాపీ’ అని ఎం4ఏ ఫైల్‌గా తీయండి. గంట ఆడియో కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది, నాణ్యత వీసమెత్తు తగ్గదు.

గొంతు ఒకచోట పెద్దగా, ఒకచోట చిన్నగా ఉందని ‘లౌడ్‌నార్మ్’ వాడతారేమో, ఒక మెలిక ఉంది. ఆ ఫిల్టర్ లోపల పనికోసం శాంపిల్‌రేట్‌ను 192 కిలోహెర్ట్జ్‌కు పెంచుకుని, పని అయ్యాక దించదు. వేవ్ ఫైల్ అనుకున్నదానికి నాలుగింతలై కూర్చుంటుంది. చివర ‘మైనస్ ఏఆర్ 48000’ పెట్టడం మరవకండి.

ఇవన్నీ సర్దుకున్నాక పాత రికార్డింగులు కూడా ఒకేసారి మారుద్దామని మీకు తప్పకుండా అనిపిస్తుంది. అక్కడ నాకు తగిలిన రెండు దెబ్బలు చెబుతాను. ఒకసారి నలభై ఎంకేవీ ఫైళ్లను ఎంపీ4 చేసి, అన్నీ ఆడుతున్నాయని చూసుకుని, అసలువి తీసేశాను. తర్వాత తెలిసింది, వాటిలో రెండో ఆడియో ట్రాక్ ఉండేదని. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏమీ చెప్పకపోతే వీడియో ఒకటి, ఆడియో ఒకటి, సబ్‌టైటిల్ ఒకటి మాత్రమే తీసుకుంటుంది. అన్నీ కావాలంటే ‘మైనస్ మ్యాప్ 0’ అనాలి. ఆ ట్రాకులు మళ్లీ దొరకలేదు.

రెండోది నవ్వొచ్చేది. లినక్స్‌లో ఫైళ్ల జాబితాను లూప్‌లో చదివిస్తూ రాత్రి వదిలేసి పడుకున్నాను. పొద్దున్న చూస్తే ఒకటే ఫైల్ మారింది, మిగతావాటి పేర్లకు తలలు తెగిపోయి ‘అలాంటి ఫైల్ లేదు’ అన్న ఎర్రర్లు. కీబోర్డు నుంచి ఏమైనా వస్తుందేమోనని ఎఫ్ఎఫ్ఎంపెగ్ చూస్తూ ఉంటుంది కదా, లూప్ చదవాల్సిన జాబితాను అదే మింగేసింది. ‘మైనస్ నోస్టిడిన్’ పెడితే నోరు మూసుకుని తన పని తాను చేసుకుంటుంది.

డౌన్‌లోడ్ గురించి కూడా ఒక ముక్క. సెర్చ్‌లో పైన వచ్చిన లింకు నుంచి కాకుండా ప్రాజెక్టు సొంత సైటు నుంచే తీసుకోండి, ఫైల్‌ను ఎవరూ మార్చలేదని తేల్చే చెక్‌సమ్ అంకెను సైటులో ఇచ్చినదానితో సరిచూసుకోండి. 2017 మే నెలలో హ్యాండ్‌బ్రేక్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లోకి దుండగులు చొరబడి, మ్యాక్ వెర్షన్ స్థానంలో మాల్వేర్ ఉన్న ఫైల్ పెట్టారు. కొద్ది రోజుల్లోనే బయటపడింది గానీ, చెక్‌సమ్ చూసుకుంటే మొదటి రోజే పట్టుకోగలిగేవాళ్లు.

మీ మొదటి ఫైల్ సంగతి ఇవాళే తేలిపోతుంది. అన్‌ట్రంక్ దగ్గర ఆగిపోతే రెండో ఫైల్ సైజు, ఫోన్‌లో ఎంచుకున్న రిజల్యూషన్, అన్‌ట్రంక్ చూపించిన మొదటి పది లైన్లు ఇక్కడ పెట్టండి. స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్‌గానే.